భయపడేవారికి తోడు నిలిచిన రచయిత: జార్జ్ బెర్నానోస్



పునీతుల జీవిత చరిత్రలు చదవడం మన కుటుంబాలకు అలవాటే. సాయంత్రం జపమాల ముగిశాక ఇంట్లో పెద్దవారు పునీత అంతోనివారి గురించో, చిన్న తెరేజమ్మ గురించో చెబుతుంటే పిల్లలు చెవులొగ్గి వింటారు. అయితే ఈ వారం ఒక నవలా రచయిత గురించి తెలుసుకుందాం. ఆయన పునీతుడు కాడు. కోపిష్టి. అప్పులతో బ్రతికాడు. కొన్ని విషయాలలో పెద్ద పొరపాట్లే చేశాడు. అయినా ఇరవయ్యవ శతాబ్దంలో సామాన్య విచారణ గురువు మనసును, మరణానికి భయపడే మనిషి మనసును ఆయనంత దగ్గరగా చూపిన కతోలిక రచయితలు అరుదు. ఆయన పేరు జార్జ్ బెర్నానోస్. ఫ్రాన్సు దేశస్థుడు. నవలలూ రాశాడు, దేశంలో జరుగుతున్న అన్యాయాలపై వ్యాసాలూ రాశాడు.

ఆయన జీవితమంతటినీ కలిపే దారం ఒకటి ఉంది. అది భయం. భయం ఉన్నంత మాత్రాన మనిషి దేవునికి దూరమైనట్టు కాదనీ, ఆ భయంలోనే దేవవరప్రసాదం మన చేయి పట్టుకుంటుందనీ ఆయన తన రచనలన్నిటిలో చెప్పాడు. ఆ మాటను ఆయన ఎలా నేర్చుకున్నాడో చూద్దాం.

1. బాల్యం, విద్య

బెర్నానోస్ 1888 ఫిబ్రవరి 20న పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి ఇళ్ల అలంకరణ పని చేసేవాడు. తల్లి పల్లెటూరి రైతు కుటుంబం నుండి వచ్చిన భక్తిపరురాలు. ఉత్తర ఫ్రాన్సులోని ఫ్రెసాఁ అనే చిన్న ఊరిలో ఆ కుటుంబానికి ఒక ఇల్లు ఉండేది. సెలవులు వస్తే పిల్లవాడు అక్కడే గడిపేవాడు. బురద దారులు, వానలో తడిసే పొలాలు, ఊరి నడుమ గుడి గంట, నడిచి వెళ్లే గురువు: ఇవన్నీ అతని మనసులో ముద్రపడ్డాయి. తరువాత రాసిన నవలలలో చాలావరకు ఆ ఊరి వాతావరణమే కనిపిస్తుంది.

చదువు మొదట యేసుసభ గురువుల పాఠశాలలో, తరువాత చిన్న గురువిద్యాలయాలలో సాగింది. పసితనం నుండే అతనికి మరణమంటే విపరీతమైన భయం. యౌవనంలో తన గురువు ఒకరికి రాసిన ఉత్తరాలలో ఆ భయాన్ని దాచుకోకుండా చెప్పుకున్నాడు. దేవుని కోసం బ్రతికి, దేవుని కోసం మరణించగలిగితేనే ఆ భయం తీరుతుందని అతనికి చిన్న వయసులోనే తోచింది. గురువు కావాలని కూడా ఆలోచించాడు గాని, తన పిలుపు సామాన్య విశ్వాసిగా బ్రతకడమేనని నిశ్చయించుకున్నాడు.

2. రాజకీయాలు, యుద్ధం, ఉద్యోగం

యువకుడిగా బెర్నానోస్ రాజరికం తిరిగి రావాలని కోరే 'ఆక్సియోఁ ఫ్రాన్సేజ్' అనే ఉద్యమంలో చేరాడు. వీధి గొడవల కారణంగా 1909లో పారిస్‌లో కొద్దికాలం జైలులో కూడా ఉన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ఆరోగ్యం సరిగా లేకున్నా సైన్యంలో చేరి కందకాలలో పోరాడాడు, గాయపడ్డాడు. 1917లో జాన్ తల్బేర్ దార్క్ అనే ఆమెను వివాహమాడాడు. ఆమె వంశం పునీత జోన్ ఆఫ్ ఆర్క్ సోదరునిది. వారికి ఆరుగురు పిల్లలు కలిగారు.

సంసారం పెద్దది, సంపాదన చిన్నది. యుద్ధం తరువాత ఆయన ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో ఇన్‌స్పెక్టర్‌గా చేరాడు. ఊరూరూ తిరిగే ఉద్యోగం. రైలు పెట్టెలలో, స్టేషన్ల దగ్గరి కాఫీ హోటళ్లలో కూర్చొని రాసేవాడు. ఒంటరి గదిలో కంటే మనుషుల ముఖాలు కనిపించే చోటనే ఆయనకు రాత సాగేది. అలా పుట్టిన మొదటి నవల 'సాతాను సూర్యుని క్రింద' 1926లో వెలువడింది. ఒక పల్లె గురువు పాపాన్ని ఎదిరించి ఆత్మల కోసం చేసే పోరాటం దాని కథ. ఆ గురువులో ఆర్స్ గ్రామ విచారణ గురువైన పునీత జాన్ మరియ వియాన్నీ వారి పోలికలు కనిపిస్తాయి. పుస్తకం పెద్ద సంచలనం కలిగించింది. అప్పటికి ఆయన వయసు 38 సంవత్సరాలు. ఉద్యోగం వదిలి రాతనే జీవనాధారం చేసుకున్నాడు.

'కపటం' 1927లోనూ, 'ఆనందం' 1929లోనూ వచ్చాయి. 'ఆనందం' నవలకు ఫెమినా బహుమతి లభించింది. బహుమతులు వచ్చినా ఇంట్లో డబ్బు నిలవలేదు. ఇల్లు మార్చడం, అప్పు చేయడం, పిల్లల జబ్బులు, ప్రచురణకర్తకు పేజీల లెక్కన రాసి పంపడం, ఇదే ఆయన జీవితం. 1933లో మోటారు సైకిలు ప్రమాదంలో కాలు తీవ్రంగా దెబ్బతిన్నది. అప్పటి నుండి చేతికర్ర సాయం లేనిదే నడవలేకపోయాడు.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. 1931లో ఆయన రాసిన ఒక పెద్ద వ్యాసగ్రంథం ఎడ్వార్ ద్రుమోఁ అనే పాత్రికేయుని పొగుడుతుంది. ఆ ద్రుమోఁ యూదులపై ద్వేషం రగిల్చినవాడు. బెర్నానోస్ రచనలలో ఇది మచ్చగానే మిగిలింది. తరువాతి కాలంలో ఆయన హిట్లరు జాతివాదాన్ని గట్టిగా ఖండించాడు. కాని రాసినది రాసినదే. శ్రీసభ 1965లో రెండవ వాటికన్ మహాసభ ద్వారా యూదులపై ఎలాంటి ద్వేషమూ తగదని స్పష్టంగా బోధించింది. గొప్ప రచయితను గౌరవించడమంటే అతని తప్పును దాచడం కాదని మన పిల్లలకు చెప్పవలసిందే.

3. పల్లె గురువు దినచర్య

1934లో ఖర్చు తక్కువవుతుందని ఆ కుటుంబం స్పెయిను దేశానికి చెందిన మయోర్కా ద్వీపానికి తరలింది. అక్కడ రాసిన 'పల్లె గురువు దినచర్య' 1936లో అచ్చయింది. ఆ ఏటి ఫ్రెంచి అకాడమీ నవలా బహుమతి దానికే దక్కింది. 1951లో రొబేర్ బ్రెస్సోఁ దానిని సినిమాగా తీశారు. బెర్నానోస్ రచనలలో ఒక్కటే చదవగలమంటే చదవవలసినది ఇదే.

కథ చాలా చిన్నది. అంబ్రికూర్ అనే పల్లెకు ఒక యువ గురువు విచారణకర్తగా వస్తాడు. పేద ఇంట పుట్టినవాడు. ఎప్పుడూ కడుపునొప్పి. రొట్టె ముక్కను ద్రాక్షసారాయంలో నానబెట్టుకొని తింటాడు, ఇంకేమీ ఇమడదు. ఊరివారు దానిని చూసి తాగుబోతు అనుకుంటారు. జ్ఞానోపదేశం క్లాసులో ఆడపిల్లలు అతణ్ణి ఆటపట్టిస్తారు. యువకుల కోసం అతను మొదలుపెట్టాలనుకున్న పనులేవీ సాగవు. ప్రార్థన చేయడానికి మోకరిస్తే మాటలు రావు. రాత్రిపూట ఒక నోటుపుస్తకంలో తన మనసులోని మాటలు రాసుకుంటాడు. ఆ పుస్తకమే నవల.

ఆ ఊరి జమీందారు భార్య చిన్నతనంలోనే చనిపోయిన తన కొడుకును తలచుకొంటూ పదేళ్లకు పైగా దేవునిపై పగతో బ్రతుకుతోంది. బయటికి పూజకు వస్తుంది, మర్యాదగా ఉంటుంది, లోపల మాత్రం గుండె రాయి అయిపోయింది. ఒకరోజు యువ గురువు ఆమెతో మాట్లాడతాడు. అతనికి వాక్చాతుర్యం లేదు. పైగా ఒళ్లు బాగాలేదు. అయినా ఆ సంభాషణ చివర ఆమె మోకరించి తన పగను దేవునికి అప్పగిస్తుంది. తనకు శాంతి దొరికిందని ఉత్తరం రాస్తుంది. ఆ రాత్రే మరణిస్తుంది. గురువు చేతులు వట్టివి. ఆమెకు ఇచ్చిన శాంతి అతనికే లేదు. తన దగ్గర లేనిదాన్ని తానే ఎలా ఇవ్వగలిగానని అతను ఆశ్చర్యపోతాడు.

ఆ మేలు ఊరికి తెలియదు. గురువే ఆమెను మాటలతో హింసించి చంపాడన్న పుకారు పుడుతుంది. ఆమె రాసిన ఉత్తరం అతని దగ్గరే ఉంది. చూపిస్తే చాలు, నింద పోతుంది. కాని ఆత్మ సంగతి ఊరికి చాటేది కాదని అతను మౌనంగా ఉంటాడు. చివరికి వైద్యుని కోసం పట్టణానికి వెళితే కడుపులో క్యాన్సర్ అని తేలుతుంది. గురుత్వాన్ని వదిలేసిన పాత స్నేహితుని ఇరుకు గదిలో, అతని చేతనే పాపవిమోచనం పొంది, తన జీవితంలో జరిగిన సమస్తమూ దేవవరప్రసాదమేనని గుర్తించి కన్నుమూస్తాడు. ఆ చివరి మాట బెర్నానోస్ ఎంతగానో ప్రేమించిన లిసియూ పునీత చిన్న తెరేజమ్మ మరణశయ్యపై పలికిన మాటకు ప్రతిధ్వని.

ప్రియులారా, ఈ కథ మనకు దూరమైనది కాదు. మన వరంగల్ మేత్రాసనం 1952లో ఏర్పడింది. పి.ఐ.ఎం.ఇ. సభకు చెందిన అల్ఫోన్సు బెరెట్టా వారు తొలి మేత్రాణులు. ఇటలీ నుండి వచ్చిన ఆ సభ గురువులు, వారి వెంట నడిచిన మన ఉపదేశులు, కన్యాస్త్రీలు మన పల్లెలలో పనిచేశారు. ఫాతిమానగర్ కతెడ్రల్ పండుగనాడు కనిపించే జనసమూహం వెనుక, ఎవరూ చూడని అలాంటి రోజులు ఎన్నో ఉన్నాయి. పదిమంది కూడా రాని పూజలు, అర్థం చేసుకోని ఊళ్లు, సొంత భాషలో పలకరించేవారు లేని రాత్రులు మిషను జీవితంలో తప్పవు. చిన్న తెరేజమ్మను 1927లో మిషను పనులకు పాలకురాలిగా పోపుగారు ప్రకటించారు. ఆమె తన మఠం దాటి ఏ మిషను దేశానికీ వెళ్లలేదు. కంటికి కనిపించే ఫలితాన్ని బట్టి దేవుడు మన పనిని లెక్కించడని దీని అర్థం. మన విచారణ గురువు ప్రసంగం బాగా లేదని, మాట కటువుగా ఉందని మనం ఇంటికి వచ్చి భోజనాల దగ్గర చెప్పుకునే ముందు, ఆయన నోటుపుస్తకంలో ఏముందో మనకు తెలియదని గుర్తుంచుకుంటే మంచిది.

4. సొంతవారి తప్పును చెప్పిన ధైర్యం

1936 జులైలో స్పెయినులో అంతర్యుద్ధం మొదలైంది. ఒకవైపు ప్రభుత్వ పక్షం, మరోవైపు జనరల్ ఫ్రాంకో నాయకత్వాన తిరుగుబాటు సైన్యం. ప్రభుత్వ పక్షపు ప్రాంతాలలో గుళ్లు తగులబెట్టారు. దాదాపు 6,800 మంది గురువులను, మఠవాసులను, కన్యాస్త్రీలను చంపారు. వారిలో అనేకులను శ్రీసభ వేదసాక్షులుగా గౌరవిస్తోంది. కనుక లోకంలోని కతోలికులు చాలామంది ఫ్రాంకో వైపు నిలిచారు. బెర్నానోస్ కూడా మొదట ఆ వైపే మొగ్గాడు. ఆయన కొడుకు ఈవ్ ఫ్రాంకో పక్షపు దళంలో చేరాడు.

మయోర్కా ద్వీపం ఫ్రాంకో పక్షం చేతిలో ఉంది.  రాత్రుళ్లు లారీలు ఊళ్లకు వచ్చేవి. అనుమానమున్న వారిని, పొలం పని ముగించుకొని అప్పుడే ఇల్లు చేరిన పేదవారిని కూడా, ఎక్కించుకొని తీసుకుపోయి విచారణ లేకుండా కాల్చివేసేవారు. ఇదంతా మతం పేరిట, శ్రీసభను కాపాడే పేరిట జరిగింది. చంపేవారు బలిపూజకు వచ్చేవారే. మతపెద్దలు కొందరు మౌనంగా ఉన్నారు, మరికొందరు దీవించారు. బెర్నానోస్ ఇదంతా కళ్లారా చూశాడు.

ఇప్పుడు ఆయన ఏం చేయాలి? మాట్లాడితే సొంత మతస్థులే ద్రోహి అంటారు. శత్రువులకు ఆయుధం ఇచ్చినట్టవుతుంది. పుస్తకాలు కొనేవారు కతోలికులే, వారు కొనడం మానేస్తే ఆరుగురు పిల్లలకు కూడు ఉండదు. భయపడడానికి ఎన్ని కారణాలు కావాలో అన్నీ ఉన్నాయి. 1937లో ఆయన ద్వీపం వదిలి ఫ్రాన్సుకు తిరిగి వచ్చాడు. 1938లో 'వెన్నెలలో మహా శ్మశానాలు' అన్న వ్యాసగ్రంథం ప్రచురించాడు. తాను చూసినది చూసినట్టు రాశాడు. శ్రీసభను వదలలేదు, విశ్వాసాన్ని తగ్గించుకోలేదు. శ్రీసభ బిడ్డగానే, తల్లి ముఖం మీద పడిన బురదను చూపించాడు. పాత మిత్రులు చాలామంది దూరమయ్యారు.

ఆ పుస్తకం చదివిన సిమోన్ వేయ్ అనే యువతి ఆయనకు ఉత్తరం రాసింది. ఆమె యూదు కుటుంబంలో పుట్టిన తత్త్వవేత్త. అదే యుద్ధంలో ఎదుటి పక్షాన చేరి వెళ్లినది. తమ వైపు కూడా నిరపరాధులను చంపడం మనుషులకు ఎంత సులభమైపోయిందో తాను చూశానని ఆ ఉత్తరంలో చెప్పుకుంది. రెండు శత్రు పక్షాల నుండి వచ్చిన ఇద్దరు, ఎవరి ఇంటి తప్పును వారు ఒప్పుకున్నారు. ఎదుటివాని కంటిలోని నలుసును చూసే ముందు మన కంటిలోని దూలాన్ని చూడమన్న ప్రభువు మాట (మత్తయి 7:3-5) దేశాల విషయంలో కూడా నిజమేనని ఆ ఉత్తరం తెలుపుతుంది. బెర్నానోస్ ఆ ఉత్తరాన్ని భద్రంగా దాచుకున్నాడు.

మన ఓరుగల్లు వారికి ఇటువంటి కలం కొత్త కాదు. 'నా గొడవ' రాసిన కాళోజీ నారాయణరావుగారు (1914-2002) నిజాం పాలనలో జైలుకు వెళ్లారు. స్వాతంత్ర్యం వచ్చాక మన పాలకులే తప్పు చేసినప్పుడు కూడా ఆయన కలం ఆగలేదు. పరాయివాని అన్యాయాన్ని ఎదిరించడానికి ధైర్యం కావాలి. మనవాడి అన్యాయాన్ని ఎదిరించడానికి అంతకంటె పెద్ద ధైర్యం కావాలి. మన ఊరిలో, మన సంఘంలో, మన కుటుంబంలో ఇది ఎంత కష్టమో మనకు తెలుసు. కట్నం కోసం కోడలిని బాధపెడుతున్నది మన బంధువే అయితే నోరు విప్పుతామా? గుడిలో కులం చూసి పీట వేసేవాడు మన మిత్రుడే అయితే ఏమంటాం?

5. బ్రెజిలు ప్రవాసం

1938లోనే బెర్నానోస్ భార్యాబిడ్డలతో ఓడ ఎక్కి దక్షిణ అమెరికా వెళ్లాడు. బ్రెజిలు దేశంలో బార్బసేనా పట్టణం దగ్గర ఒక చిన్న పొలంలో స్థిరపడ్డాడు. ఆ చోటి పేరు 'క్రూజ్ దాస్ అల్మాస్'. 'ఆత్మల సిలువ' అని అర్థం. కుంటుతూనే గుర్రం ఎక్కి పట్టణానికి వెళ్లి, కాఫీ హోటలులో కూర్చొని పత్రికలకు వ్యాసాలు రాసేవాడు.

1940లో ఫ్రాన్సు హిట్లరుకు లొంగిపోయింది. విషీ పట్టణంలో ఏర్పడిన కొత్త ప్రభుత్వం జర్మనీతో చేతులు కలిపింది. ఆ ప్రభుత్వం కుటుంబం, మతం, క్రమశిక్షణ అంటూ మాట్లాడడంతో చాలామంది కతోలికులు నమ్మారు. బెర్నానోస్ నమ్మలేదు. అవమానానికి భక్తి ముసుగు వేయవద్దని బ్రెజిలు పత్రికల ద్వారా, రేడియో సందేశాల ద్వారా తన దేశస్థులకు చెప్పాడు. జనరల్ డిగాల్ నడిపిన స్వేచ్ఛా ఫ్రాన్సు ఉద్యమాన్ని సమర్థించాడు. ఆయన కుమారులు ఆ సేనలో చేరారు.

యుద్ధం ముగిసే రోజులలో 'రోబోట్లకు ఎదురుగా ఫ్రాన్సు' అనే మరో పుస్తకం రాశాడు. యంత్రాలు చెడ్డవని కాదు ఆయన వాదన. మనిషి ఒంటరిగా, నిశ్శబ్దంగా తన అంతరాత్మతో ఉండే కాసేపటిని కూడా యంత్ర నాగరికత దోచుకుంటుందని, అలాంటి మనిషి ఏ ఆజ్ఞకైనా తల ఊపుతాడని ఆయన భయం. చేతిలో ఫోను లేనిదే అన్నం ముద్ద దిగని పిల్లలున్న మన ఇళ్లలో ఈ హెచ్చరిక ఇంకా పాతబడలేదు.

1945లో డిగాల్ పిలుపుపై స్వదేశానికి తిరిగి వచ్చాడు. ప్రభుత్వం ఇవ్వజూపిన 'లెజియోఁ దొన్నర్' బిరుదును అంతకుముందు వలెనే మళ్లీ తిరస్కరించాడు. ఫ్రెంచి అకాడమీ సభ్యత్వమూ వద్దన్నాడు. 1947లో ట్యునీషియాకు వెళ్లాడు.

6. చివరి రచన: భయపడిన కన్య కథ

అక్కడ, తన శరీరంలో వ్యాధి ముదురుతుండగా, బెర్నానోస్ తన చివరి రచన చేశాడు. 'కార్మెల్ కన్యల సంభాషణలు' దాని పేరు. ఇది ఒక సినిమా కోసం రాయమని అడిగిన సంభాషణల పుస్తకం. జర్మను రచయిత్రి గెర్‌ట్రూడ్ ఫాన్ లె ఫోర్ట్ 1931లో రాసిన చిన్న నవల దీనికి ఆధారం.

ఆ కథ వెనుక చరిత్ర ఉంది. ఫ్రెంచి విప్లవ కాలంలో కంపియేన్ పట్టణపు కార్మెల్ మఠానికి చెందిన 16 మందికి, తమ సన్యాస జీవితాన్ని వదలనందుకు, మరణశిక్ష విధించారు. 1794 జులై 17న పారిస్‌లో వారు పాటలు పాడుకుంటూ ఒకరి తరువాత ఒకరు గిలెటిన్ అనే తల నరికే యంత్రం దగ్గరికి నడిచారు. తమ దేశంలో రక్తపాతం ఆగిపోవాలని వారు తమ ప్రాణాలను దేవునికి ముందుగానే అర్పించుకొని ఉన్నారు. పది రోజులలో రొబెస్పియర్ పడిపోయాడు, ఆ భీభత్స పాలన ముగిసింది. పదవ భక్తినాథ పోపుగారు 1906లో వారిని ధన్యులుగా ప్రకటించారు. పోపు ఫ్రాన్సిస్ గారు 2024 డిసెంబరు 18న వారిని పునీతుల జాబితాలో చేర్చారు.

కథలో ముఖ్యపాత్ర బ్లాన్ష్ మాత్రం కల్పితం. ఆమె గొప్పింటి పిల్ల. నీడను చూసినా జడుసుకుంటుంది. భయం నుండి పారిపోవడానికే మఠంలో చేరుతుంది. తనకు 'క్రీస్తు మరణవేదన' అన్న పేరును ఎంచుకుంటుంది. ఆ మఠపు వృద్ధ మఠాధిపతి జీవితమంతా మరణాన్ని ధ్యానించిన స్త్రీ. అయినా చావు దగ్గరపడినప్పుడు ఆమె భయంతో గిలగిలలాడుతూ చనిపోతుంది. అందరూ దిగ్భ్రాంతి చెందుతారు. కాన్‌స్తాన్స్ అనే చిన్న కన్యాస్త్రీ మాత్రం, ఆమె అనుభవించినది ఆమె చావు కాకపోవచ్చుననీ, మనం ఒకరి కోసం మరొకరం, కొన్నిసార్లు ఒకరికి బదులు మరొకరం మరణిస్తామేమోననీ అంటుంది. కథ చివర ఆ మాట నిజమవుతుంది. పారిపోయిన బ్లాన్ష్ తిరిగి వచ్చి, జనం మధ్య నుండి నడిచి, ఏ బెదురూ లేకుండా పాడుతూ బలిపీఠం వంటి ఆ వేదిక ఎక్కుతుంది. వృద్ధ తల్లి ఆమె భయాన్ని ముందే మోసిపెట్టింది.

ప్రతి ఆదివారం విశ్వాస సంగ్రహంలో మనం 'పునీతుల సంబంధ ప్రయోజనం' అని చెప్పుకుంటాం. ఆ మాటకు అర్థం ఏమిటని పిల్లలు అడిగితే ఈ కథ చెప్పండి. మంచంపై ఉన్న తాతమ్మ తన నొప్పిని పరీక్షకు భయపడుతున్న మనవడి కోసం అర్పిస్తే అది వృథా కాదు. గల్ఫులో పనిచేసే కొడుకు కోసం పల్లెలో తల్లి తిప్పే జపమాల పూస వృథా కాదు. క్రీస్తు శరీరంలో మనమందరం ఒకటి గనుక ఒకరి ప్రార్థన మరొకరికి బలం అవుతుంది.

గెత్సెమని తోటలో ప్రభువు కూడా భయపడ్డాడు, వేదనపడ్డాడు అని మార్కు సువార్త దాచకుండా చెబుతుంది (14:33-36). బెర్నానోస్ ఎప్పుడూ ఆ తోట దగ్గరికే తిరిగి వస్తాడు. పల్లె గురువు కూడా తన స్థానం ఒలీవ తోటలో ప్రభువు పక్కనే ఉందని గ్రహిస్తాడు. మనం భయపడినప్పుడు ప్రభువు మన కంటె ముందే ఆ చోట ఉన్నాడు.

7. మరణం

సినిమా సంభాషణలు అప్పటికి పనికిరావని పక్కన పడిపోయాయి. బెర్నానోస్‌ను జబ్బుతో పారిస్‌కు తీసుకువచ్చారు. కాలేయ క్యాన్సర్. 1948 జులై 5న, 60 ఏళ్ల వయసులో, దివ్యసంస్కారాలు పొంది ఆయన మరణించాడు. పెల్‌వాజాఁ గ్రామంలో, తల్లి వైపువారి నేలలో, ఆయనను సమాధి చేశారు. 1876లో మరియమాత ఎస్తెల్ ఫగెట్ అనే రోగిష్టి పనిమనిషికి దర్శనమిచ్చిందని చెప్పుకునే ఊరు అదే. ఆ భక్తికి 2024లో రోమునుండి అనుకూలమైన అభిప్రాయం లభించింది.

'కార్మెల్ కన్యల సంభాషణలు' ఆయన పోయిన తరువాత 1949లో అచ్చయింది. తరువాత నాటకంగా ప్రదర్శించారు. 1957లో పులాంక్ అనే సంగీతకారుడు దానిని సంగీత నాటకం చేశాడు. ఇప్పటికీ లోకమంతటా దానిని ప్రదర్శిస్తున్నారు. తన జీవితకాలంలో తెర మీద చూడని రచనే ఆయన పేరును ఎక్కువ దేశాలకు మోసుకుపోయింది. పల్లె గురువుకు జరిగినట్టే రచయితకూ జరిగింది. విత్తినవాడు ఒకడు, కోసినవాడు మరొకడు.

8. మనకు పాఠం

బెర్నానోస్ జీవితం నుండి మూడు సంగతులు గుర్తుంచుకుందాం.

మొదటిది: భయం పాపం కాదు. ఆపరేషను ముందు రోజు రాత్రి చేతులు వణికితే విశ్వాసం పోయినట్టు కాదు. భయాన్ని దాచుకొని వీరులమని నటించడం కంటే, వణుకుతూనే ప్రభువు చేయి పట్టుకోవడం మేలు.

రెండవది: శ్రీసభను ప్రేమించడమంటే దాని పేరిట జరిగే తప్పుకు కళ్లు మూసుకోవడం కాదు. అలాగని తప్పు చూసి గుడి మానేయడమూ కాదు. బెర్నానోస్ గట్టిగా మాట్లాడాడు, ఇంట్లోనే ఉన్నాడు.

మూడవది: మన మేలు మనకు కనిపించకపోవచ్చు. ఖాళీ చేతులతోనే దేవుడు ఇతరులకు శాంతిని ఇస్తాడు. దేవుని శక్తి మన బలహీనతలోనే పరిపూర్ణమవుతుందని పౌలుగారు కొరింతీయులకు రాసినది (2 కొరింతీ 12:9) ఇదే.

కుటుంబంలో చర్చించుకొనుటకు

(1) మా ఇంట్లో ఎవరు దేనికి భయపడుతున్నారు? ఆ భయాన్ని మిగిలినవారు వినే అవకాశం ఉందా?

(2) మనవారి తప్పు అని తెలిసి మౌనంగా ఉన్న సందర్భం ఏదైనా ఉందా? ఇప్పుడు ప్రేమతో ఎలా మాట్లాడవచ్చు?

(3) మన విచారణ గురువు కోసం, ఉపదేశి కోసం ఈ వారం మన కుటుంబం ఏ రోజున జపమాల అర్పిస్తుంది?

(4) మంచాన పడినవారు మన వీధిలో ఉన్నారా? వారి బాధను ఎవరి కోసం అర్పించమని అడుగుదాం?

ప్రార్థన: ఒలీవ తోటలో రక్తపు చెమట కార్చిన ప్రభువా, మా భయాలను నీవు ఎరుగుదువు. వాటిని తీసివేయకున్నా మమ్ములను విడిచిపోకుము. ఫలితం కనిపించని పనిలో అలసిన మా గురువులను, కన్యాస్త్రీలను, ఉపదేశులను, తల్లిదండ్రులను ఆదరించుము. సత్యం పలుకుటకు మాకు ధైర్యమును, పలికిన పిదప ప్రేమించుటకు మాకు ఓర్పును దయచేయుము. ఆమెన్.